రెండు బాంగుల మధ్య

మేముండే ఇంట్లో గడియారాలు పదకొండు. దుమ్ము తుడిచేదాన్ని నేనే కాబట్టి లెక్క తప్పే పని లేదు. హాల్లో నిలువెత్తుది ఒకటి, మగవాళ్లు కూర్చునే దివానియాలో బంగారు అంచుది ఒకటి, వంటింట్లో పొయ్యి మీద వెలిగే అంకెలది ఒకటి. పద్నాలుగేళ్లలో టైం కోసం వాటిలో దేని ముఖమూ నేను చూడలేదు. కువైట్‌లోని ముబారక్ అల్ కబీర్‌లో మా వీధి మలుపులోనే మసీదు ఉంది. తెల్లవారుజామున ఫజర్ బాంగు, అంటే నమాజు పిలుపు, వినబడితే హజ్జాకు చక్కెర జబ్బుకు పొద్దుటి సూది. మధ్యాహ్నం జుహర్ బాంగుకు బిళ్లలు. పొద్దు మునిగాక మగ్రిబ్ బాంగుకు మళ్లీ సూది, ఆ వెంటనే తిండి. ఈ పద్ధతి పెట్టింది హజ్జాయే. గడియారాన్ని ఎవరైనా తిప్పేయొచ్చు, బాంగును ఎవరు తిప్పుతారు అనేది.

హజ్జా అంటే మామా తల్లి. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. రాయచోటి చుట్టుపక్కల నుంచి వచ్చిన మా ఆడవాళ్లందరికీ కువైట్‌లో ఒక మామా ఉంటుంది, ఒక బాబా ఉంటాడు. కన్నవాళ్లను ఏమని పిలుస్తామో వాళ్లనూ దాదాపు అలాగే పిలుస్తాం. మొదట్లో నోరు తిరగదు, తర్వాత అలవాటైపోతుంది.

ఆ వేసవి మొదలయ్యేసరికి నా కూతురు అనీసాకు ఆరో నెల. తొలి కాన్పు. మా దూదేకుల ఇళ్లలోనూ తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. పుట్టింట్లో అమ్మ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. అనీసా పెద్దమనిషి అయినప్పుడు నేను లేను. పెళ్లినాడూ లేను. పెళ్లి ఫోన్‌లో చూశాను. ఫోన్ పట్టుకున్న పిల్ల నిఖా కాగానే దాన్ని కుర్చీలో పెట్టి బిరియానీకి పోయింది. అరగంటసేపు షామియానా గుడ్డ చూస్తూ కూర్చున్నాను. ఎరుపు, పసుపు చారల గుడ్డ. ఈ కాన్పుకు మాత్రం నా చేతులతోనే బిడ్డను అందుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

"ఆగస్టు ఆఖర్న అనింది డాక్టరమ్మ," అంది అనీసా ఫోన్‌లో. "వస్తావా?"

"వస్తా పాపా."

"పెండ్లికి గూడా ఇట్లే అంటివి."

"ఈతూరి అట్ల కాదు. మామాను మార్చిలోనే అడిగినా. సరే అనింది."

"సరే అంటే సరేనా, ఇన్‌షా అల్లా అనిందా?"

కడుపున పుట్టిన పిల్ల ఎంత బాగా లోకం తెలుసుకుందో అనిపించింది. మామా అన్నది ఇన్‌షా అల్లాయే, దేవుడు తలిస్తే చూద్దామని. ఆ మాట నేను అనీసాకు చెప్పలేదు.

మే నెలలో ఒక రోజు మామా నన్ను పిలిచి కూర్చోమంది. కూర్చోమంటేనే భయం వేసింది.

"మున్నీ, జూన్ ఆఖరులో ఓడ ఎక్కుతున్నాం. నార్వే. పద్నాలుగు రోజులు. అమ్మను వదిలి వెళ్లలేను. అమ్మ వస్తే నువ్వు రావాలి."

"నా బిడ్డ కాన్పు ఉంది మామా."

"ఓడ దిగి ఇంటికి రాగానే నీ సెలవు మొదలు. రెండు నెలలు. టికెట్ నేను తీస్తాను. వల్లా."

వల్లా అని అల్లా మీద ఒట్టేశాక మామా మాట తప్పదని ఆ ఇంట్లో పేరు. నా విషయంలోనూ తప్పలేదు. పండక్కి కొత్త బట్టలన్నది, ఇచ్చింది. పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నది, తీసుకెళ్లింది. అందుకే నమ్మాను. ఆ రోజు నుంచే ఊరికి పంపే కార్గో పెట్టెలో పాలపొడి డబ్బాలు, దుప్పట్లు సర్దడం మొదలుపెట్టాను. మామా పారేయమన్న మెత్తటి దిండ్లు విప్పి, అందులో దూదిని చేత్తో ఏకి, పసిబిడ్డకు మూరెడు పరుపు కుట్టాను. మా ఆయన నూర్ బాషా రాయచోటిలో పరుపులు కుట్టే మనిషి. ఆయనకు చూపించాలని నాకొక గర్వం.

వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి నన్ను కారులో తీసుకెళ్లింది మా ఇంటి డ్రైవరు వెంకటరాజు. రాజంపేట మనిషి. గేటు పక్క గదిలో ఉంటాడు, నన్ను అక్కా అంటాడు.

"ఆడ పొద్దే మునగదంట గదా అక్కా."

"మునగకపోతే ఏమైతాది?"

"మనకు పనెప్పుడు అయిపోతాది మరి? జీతం డబల్ అడుగు."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ వేసవిలో నేను మనసారా నవ్వింది అదొక్కసారే.

ఓడ మా ఊరి బస్టాండంత పెద్దది. కాదు, అలాంటివి పది పేర్చాలి. జర్మనీలో ఎక్కాం. రెండు రోజులకు నార్వే కొండలు వచ్చాయి. నీళ్లలోంచి నిటారుగా లేచిన కొండలు, వాటి మీద నుంచి దారం దారంగా జారే జలపాతాలు, పైన ఎండాకాలంలోనూ కరగని మంచు. ఇల్లు లేదు, కరెంటు తీగ లేదు, ఒక్క మేక కూడా లేదు. రాయచోటి గుట్టలకు ఎవరో నూరేళ్లు నీళ్లు పోసి పెంచినట్టున్నాయి. జనం అద్దాలకు అతుక్కుపోయి ఫోటోలు తీసుకుంటున్నారు. హజ్జా చక్రాల కుర్చీలో రెండు దుప్పట్ల కింద నుంచి చూస్తోంది.

"ఇక్కడెవరుంటారు?"

"ఎవరూ ఉండరు హజ్జా."

"మరి మనమెందుకు వచ్చాం?"

నేనేం చెప్పను? కలిగినవాళ్లు డబ్బు కట్టి ఎవరూ లేని చోటికి వస్తారు. మాలాంటివాళ్లం డబ్బు కోసం అందరూ ఉన్న చోటు వదిలి వస్తాం. ఇవి అరబ్బీలో చెప్పేంత మాటలు నాకు రావు. వచ్చినా చెప్పేదాన్ని కాదు.

చిక్కు నాలుగో రోజు మొదలైంది. ఓడ ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడు దిగడం మానేశాడు. రాత్రి పదకొండు గంటలకు సాయంత్రం నాలుగింటి ఎండ. నా ఫోన్‌లో బాంగు వినిపించేది ఏదో పెట్టించుకున్నాను గానీ అది పిచ్చిపట్టినట్టు అర్ధరాత్రి మగ్రిబ్ అని కూసి, ఆ తర్వాత నోరు మూసుకుంది. పొద్దుటి సూదికి పేచీ లేదు గానీ, సాయంత్రానికి హజ్జా మొండికేసింది. బాంగు కాకుండా సూది వద్దంది, తిండి వద్దంది. పొద్దు మునగలేదు కదా, నాకు అబద్ధం చెబుతున్నావా అని నా మీద కళ్లెర్రజేసింది.

అప్పుడు వెంకటరాజుకు ఫోన్ చేశాను. కువైట్‌లో మగ్రిబ్ బాంగు మొదలవగానే ఫోన్ చేసి మసీదు వైపు పట్టుకోమన్నాను. మర్నాటి నుంచి రోజూ చేశాడు. యాభై డిగ్రీల వేడిలో, మసీదు గోడ పక్కన.

"చెప్పులిడిసి నిలబడినాలే అక్కా," అన్నాడు మొదటిరోజు. "ఇనబడతాందా?"

వినబడింది. మా వీధి మసీదు ముసలాయన గొంతే, కాస్త బొంగురుగా. హజ్జా ముఖం విచ్చుకుంది. తనే చొక్కా చేయి పైకి లాగి జబ్బ చాపింది. అక్కడ ఓడ కిటికీలో ఎండ మండుతూనే ఉంది, లోపల మాకు మాత్రం పొద్దు మునిగింది. ఇంత తెలివైన పని చేశానే అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. అదే రోజు బాబా కువైట్‌లోని ఒక షేకును, మతపెద్దను, ఫోన్‌లో అడిగాడట. పొద్దు మునగని చోట మక్కా టైం పాటించండి అని ఆయన చెప్పాడట. ఇంటిల్లిపాదీ తమ ఫోన్లలో మక్కా టైం పెట్టుకున్నారు. పనిమనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ, వెంకటరాజు బాంగు సంగతి మామాకు చెప్పాలని తోచలేదు. కువైట్ మగ్రిబ్ అయిన పావుగంటకు మక్కా మగ్రిబ్.

తొమ్మిదో రోజు సాయంత్రం రాజు ఫోన్ వచ్చింది, బాంగు అయింది, సూది వేశాను. తిండి తేవడానికి పైకి వెళ్లాను. ఇంట్లోలా గిన్నె పక్కనే ఉండదు కదా. పెద్ద భోజనాల హాల్లో వరసలో నిలబడి, మెత్తగా నమలగలిగేది వెతికి తేవాలి. సూపు, రొట్టె పళ్లెంలో పెట్టుకుని వస్తుంటే జనమంతా ఒక్కసారి ఎడమవైపుకు పరుగెత్తారు. తిమింగలం అన్నారు.

నేనూ వెళ్లాను. నిజం చెప్పాలి. పళ్లెం పట్టుకునే వెళ్లాను. నల్లటి వీపు ఒకటి నీళ్లలోంచి మెల్లగా లేచి, ఊపిరి వదిలి, మెల్లగా మునిగింది. మళ్లీ లేస్తుందేమోనని చూశాను. మళ్లీ లేచింది. పద్నాలుగేళ్లలో నా కోసం నేను నిలబడి ఏదైనా చూడటం అదే మొదలు. సూపు చల్లారిపోయింది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పడానికి అక్కడ బాంగు లేదు.

గదికి వచ్చేసరికి మామా హజ్జా మంచం మీద కూర్చుని ఉంది. ముఖంలో ఎన్నడూ చూడని వెలుగు.

"నా ఫోన్‌లో బాంగైంది, నువ్వు రాలేదు," అంది. "నేనే సూది వేశాను. భయపడ్డాను గానీ బాగానే వేశాను. అమ్మ వద్దు వద్దంటూనే ఉంది, చిన్నపిల్లలా."

పళ్లెం బల్ల మీద పెట్టాను.

"మామా, నేను వేసే పోయినాను."

ఆ వెలుగు పోవడం చూశాను. తర్వాత ఆమె చప్పున లేచి పండ్లరసం డబ్బా తెరిచింది. తియ్యటిది తాగిస్తే సరిపోతుందంది. నిజమే, నాలుగు గుక్కలు తాగి ఉంటే సరిపోయేదేమో. హజ్జా అప్పటికే మగతలో ఉంది. చెంచాతో పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయింది. ఒంటి మీద చెమట, చేతులు చల్లబడ్డాయి.

"డాక్టర్ని పిలుస్తా మామా."

"ఆగు. ఇంకొంచెం తాగించు." నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "బాబాకు తెలిస్తే నన్ను బతకనివ్వడు మున్నీ. అమ్మ బరువైందనే ఇలా చేశానని వాళ్లింట్లో అంతా అంటారు. ఆగు."

ఆగాను. ఆగకూడదు. కానీ ఆగాను. కిటికీలో ఎండ అక్కడే ఉంది కాబట్టి ఎంతసేపు ఆగామో తెలియలేదు. చివరికి హజ్జా కళ్లు పైకి తిరిగాయి. అప్పుడు నేనే గోడ మీది ఎర్ర బొత్తాం నొక్కాను.

ఓడ డాక్టరు తెల్లాయన. నర్సు గోవా అమ్మాయి. రక్తంలో చక్కెర చూసి, నరానికి గ్లూకోజు ఎక్కించి, ఆ అమ్మాయి నన్ను హిందీలో అడిగింది, ఇంజెక్షన్ ఎన్నిసార్లు ఇచ్చారని. బాబా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మామా తివాచీ వైపు చూస్తోంది. తివాచీ మీద ఓడ బొమ్మలున్నాయి.

"రెండుసార్లు," అన్నాను.

"ఎవరు?"

"నేనే." బాబాకు అర్థమయ్యేలా అరబ్బీలోనూ అదే అన్నాను.

బాబా నా వైపు తిరిగాడు. "పద్నాలుగేళ్లలో ఒక్కసారి తప్పు చేయలేదు నువ్వు. ఇప్పుడేమైంది?"

"నిద్ర లేదు బాబా. పొద్దు తెలియలేదు. వేసింది మర్చిపోయినా."

ఆయన తిట్టలేదు. నమ్మాడు. అంత తేలిగ్గా నమ్ముతాడని నేననుకోలేదు.

ఎందుకు చెప్పానని ఇప్పుడు నన్ను నేను అడుగుతూ ఉంటాను. మామా మీద జాలి కొంత. తిమింగలం కోసం నిలబడ్డానన్న పాపం కొంత. మిగతాదంతా అనీసా. ఈ ఒక్కటి మామా కోసం చేస్తే, ఆమె నన్ను ఊరికి పంపకుండా ఉండలేదని లెక్క వేశాను. ఆ సాయంత్రమే గ్లూకోజు సీసా కింద మామా నా చేయి తన గుండెకు ఆనించుకుని, "నీ బిడ్డ దగ్గరికి నువ్వు వెళతావు మున్నీ, వల్లా, ఇది నేను చచ్చేదాకా మర్చిపోను," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు.

మర్నాడు చిన్న రేవులో మమ్మల్ని దించారు. అక్కడి ఆసుపత్రిలో పది రోజులు. కిటికీలోంచి అవే కొండలు, అదే మునగని పొద్దు. తర్వాత విమానంలో కువైట్. హజ్జా బతికింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

ఇంటికి చుట్టాలు వచ్చారు. వంతులవారీగా హజ్జాను చూసి, తర్వాత నన్ను చూసేవారు. బాబా అన్నదమ్ములు నన్ను పోలీసులకు అప్పగించాలన్నారట. మామా ఒప్పుకోలేదట. తెలియక చేసింది, పేదది, అల్లా కోసం క్షమించాను అందట. ఎంత పెద్ద మనసు అని అందరూ మామా చేతులు పట్టుకుని మెచ్చుకోవడం నేను చాయ్ కప్పులు సర్దుతూ విన్నాను.

జూలై అయిపోయింది. ఏజెన్సీ నుంచి ఒక కొత్త అమ్మాయిని తెచ్చారు. హజ్జా ఆ పిల్ల చేతి ముద్దకు నోరు తెరవలేదు. మామా పెడితే ముఖం తిప్పుకునేది. నేను పెడితేనే తినేది. కొత్తమ్మాయిని నాలుగు రోజులకే వెనక్కి పంపారు. ఆగస్టు రెండో వారంలో ధైర్యం చేసి మామాను అడిగాను.

"మామా, నా టికెట్టు."

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. కోపం లేదు, ఓపిగ్గానే చెప్పింది.

"అమ్మ ఇలా ఉంటే ఎలా వెళతావు మున్నీ? నీ చేత్తో తప్ప తినదు."

"మీరు వల్లా అన్నారు మామా."

"అన్నాను. కానీ నీవల్లే కదా ఆమె ఇలా అయ్యింది. ఇప్పుడు వదిలేసి వెళితే రేపు అల్లాకు ఏం జవాబు చెబుతావు? నీ మంచికే చెబుతున్నాను."

ఆమె ముఖంలోకి చూశాను. కపటం ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాను. లేదు. నలుగురికీ నలభైసార్లు చెప్పి చెప్పి తనే నమ్మేసింది. ఆ గదిలో ఏం జరిగిందో తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకరికి మాట లేదు, ఒకరు మర్చిపోయారు. నా పాస్‌పోర్టు ఆమె అల్మారాలో ఉంది. వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

సంగతంతా నా నోట విన్న వెంకటరాజు ఊరుకోలేకపోయాడు.

"నేను చెప్తా అక్కా బాబాకు. ఆ పొద్దు నేను ఫోన్ పెట్టకముందే నువ్వు సూది ఏసేసినావు. నేనిన్యా."

"రెండోది ఎవురేసింది నువ్వు సూసినావా?"

"లేదు."

"మరేం చెప్తావు? నేనొకసారి ఏసినట్టు చెప్తావు. ఆ మాట నేనెప్పుడో ఒప్పుకున్నా గదా రాజా. నీ ఇఖామా పోతాది, ఈడ ఉండనీకుండా ఊరికి పంపిస్తారు, ఊరుకో."

"ఆ ఫోన్ నేను చేయకపోయుంటే," అని ఏదో అనబోయి కారు తుడుచుకోవడానికి వెళ్లిపోయాడు.

అనీసాకు చెప్పాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. "సరేమ్మా," అంది. అంతే. ఆ పూట ఏం కూర వండారో కూడా చెప్పింది. నేను రానన్న సంగతి తనకు ముందే తెలుసు.

కార్గో పెట్టె పంపించాను గానీ మూరెడు పరుపు పంపలేదు. మంచం మీదే ఉండటంతో హజ్జా కుడి మడమ ఒరిసి పుండు పడబోయింది. దూది పరుపు తీసి దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ఆగస్టు ఇరవై ఆరున, ఇంకా జుహర్ కాలేదు, హజ్జాకు ఒళ్లు తుడుస్తుంటే ఫోన్ మోగింది. నూర్ బాషా.

"పాప పుట్టింది. ఇద్దురూ బాగుండారు," అన్నాడు. "చెవిలో బాంగు ఇయ్యబోతాండా. నువ్వు గూడా ఇను."

పుట్టిన బిడ్డ కుడి చెవిలో బాంగు చెప్పాలి. ఆ బిడ్డ లోకంలో వినే తొలిమాట అదే కావాలి. నా చేతులు తడిగా ఉన్నాయి, అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచాను. ముందు ఆసుపత్రి చప్పుడు, ఎవరో ఎవరినో పక్కకు జరగమనడం, సన్నగా ఒక ఏడుపు. తర్వాత నూర్ బాషా గొంతు. జీవితమంతా పరుపులు కుట్టే మనిషి, మసీదులో ఎన్నడూ బాంగు ఇచ్చినవాడు కాదు. వణుకుతూ, మెల్లగా, బిడ్డకు మాత్రమే వినబడాలన్నట్టు చెప్పాడు. అల్లాహు అక్బర్, అల్లాహు అక్బర్. కళ్లు మూసుకుని విన్నాను. ఆ క్షణం నేను రాయచోటిలోనే ఉన్నాను.

వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూశాను. హజ్జా బాగున్న ఎడమ చేత్తో, పడిపోయిన కుడి చేతి చొక్కాను కొంచెం కొంచెంగా పైకి లాగుతోంది. జబ్బ బయటపడేదాకా లాగి, నా వైపు చూసింది.

"ఇంకా టైం కాలేదు హజ్జా," అన్నాను. "ఇది మన బాంగు కాదు."

ఆమె చొక్కా వదల్లేదు. ఫోన్‌లో పాప ఏడుస్తూనే ఉంది. నేను చేతులు తుడుచుకుని, ఆమె దగ్గరికి పోయి, ఆ చొక్కా చేయి కిందికి దించాను.